డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్తున్నారా? చేతుల కంటే మెడకి ఎక్కువ పని చెప్పండి

డ్రైవింగ్ టెస్ట్ డేట్ వచ్చిందంటే చాలు, చాలామందికి నిద్రలో కూడా క్లచ్, గేరు, రివర్స్ పార్కింగే కనిపిస్తాయి. ఉన్న టైమంతా వాటి మీదే పెడతారు. పెట్టొద్దని కాదు గానీ, బండి తిప్పడం బాగానే వచ్చి కూడా చూడాల్సిన చోట చూడక ఫెయిలయ్యేవాళ్లు బోలెడంతమంది. బ్రిటన్‌లో టెస్టులు పెట్టే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏ, జనం ఏ తప్పులతో ఎక్కువగా ఫెయిలవుతున్నారో లిస్టు బయటపెడుతుంటుంది. అందులో ఏళ్ల తరబడి పైవరసలో కూర్చున్నది జంక్షన్ దగ్గర సరిగ్గా చూడకపోవడమే. అద్దాలు చూడకుండా పక్కకి తిరగడం కూడా ఆ లిస్టులో ఎప్పుడూ ఉండేదే. పక్క సీట్లో ఉన్న ఎగ్జామినర్ మీ చేతుల్ని ఎంత గమనిస్తారో మీ కళ్లనీ మెడనీ అంతకంటే ఎక్కువ గమనిస్తారు, కాబట్టి ప్రిపరేషన్ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందుగా మీ ఊళ్లో టెస్ట్‌కి మార్కులు ఎలా వేస్తారో తెలుసుకోండి. ఇది ఎవరో చెప్పగా విని కాదు, లైసెన్సులు ఇచ్చే శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో చూసి. కొన్ని చోట్ల టెస్ట్ మొత్తం ట్రాక్ మీదే అయిపోతుంది, కొన్ని చోట్ల రోడ్డు మీదే, కొన్ని చోట్ల రెండూ. రూల్స్ దేశానికో రకంగా ఉన్నా లెక్క మాత్రం దాదాపు ఒకటే: చిన్న తప్పులకు కొంత సడలింపు ఉంటుంది, ప్రమాదకరమైన తప్పుకు ఉండదు. బ్రిటన్‌నే తీసుకుంటే, చిన్న తప్పులు 15 దాకా చేసినా పాసవ్వొచ్చు, పెద్దది ఒక్కటి చేసినా ఇంటికే. ఎగ్జామినర్ తన వైపు ఉన్న బ్రేకు తొక్కాల్సి వచ్చినా, చేయి చాపి స్టీరింగ్ పట్టుకోవాల్సి వచ్చినా ఇక ఆశ వదులుకోవడమే. ఇది ఒకసారి బుర్రకెక్కితే ప్రాక్టీస్‌లో దేనికి ఎంత టైమివ్వాలో మీకే తెలిసిపోతుంది. గేరు మార్చేటప్పుడు చిన్న కుదుపు వస్తే వచ్చింది, దాని గురించి బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. జీబ్రా క్రాసింగ్ మీద కాలు పెట్టిన మనిషిని చూడకపోవడం గురించి మాత్రం భయపడాలి.

టెస్ట్ సెంటర్ చుట్టుపక్కల రోడ్లలో తిరగడం గురించి రెండు మాటలు. తిరగండి, తప్పకుండా తిరగండి, కానీ రూట్ బట్టీ పట్టడానికి కాదు. బట్టీ పట్టినవాళ్లతో వచ్చే చిక్కేమిటంటే, "ఇక్కడ ఎడమకే కదా" అని ముందే ఫిక్సై ఉంటారు, ఎగ్జామినర్ కుడికి అంటారు, అక్కడితో లెక్క తప్పుతుంది. మీరు చూసుకోవాల్సింది ఆ రోడ్లలో ఎలాంటి చిక్కులున్నాయో. సెంటర్ గేటు నుంచి బయటికొచ్చే చోట వాహనాలు ఎటు నుంచి ఎంత స్పీడుగా వస్తున్నాయి, స్పీడ్ లిమిట్ ఎక్కడ మారుతోంది, చెట్టు కొమ్మ చాటునో ఆగి ఉన్న లారీ చాటునో సరిగ్గా కనిపించని బోర్డు ఏది, రోడ్డు మీద వేసిన లేన్ బాణాలు ఎక్కడ మొదలవుతున్నాయి, సిగ్నల్ లేని నాలుగు రోడ్ల కూడలి ఎక్కడుంది, స్కూల్ ఉందా, వన్ వే ఉందా. మీ టెస్ట్ ఏ టైముకో అదే టైములో, వీలైతే అదే వారంలో వెళ్లండి, ఎందుకంటే ఉదయం స్కూల్ టైములో ఉండే రోడ్డుకీ మధ్యాహ్నం ఖాళీగా పడుండే అదే రోడ్డుకీ పోలికే ఉండదు. వాన పడుతుంటే ఇంకా మంచిది. వైపర్లు తిరుగుతుండగా అద్దాలు చూసుకోవడం, లోపల ఆవిరి పట్టిన గ్లాసు ఏ బటన్‌తో క్లియర్ అవుతుందో వెతుక్కోకుండా నొక్కడం, ఇవన్నీ ఎండ కాసే రోజు ఎంత తిరిగినా రావు.

ఇక బండి. టెస్ట్‌కి ఏ బండి తీసుకెళ్తారో ప్రాక్టీస్ కూడా దాని మీదే చేయండి. చివరి వారంలో బండి మారిస్తే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి మళ్లీ కొత్తే. ముందురోజు లైట్లు, బ్రేక్ లైట్లు, నాలుగు ఇండికేటర్లు, హారన్, వైపర్లు, వాటి నీళ్లు చూసుకోండి. బ్రేక్ లైట్ ఒక్కరే చూసుకోలేరు, వెనక ఎవరినైనా నిలబెట్టండి, లేదా గోడ వైపు వెనక్కి పెట్టి వెలుగు పడుతోందో లేదో చూడండి. టైర్ల మీద గాడి లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, అరిగిపోయిన టైర్లతో వెళ్తే టెస్టే పెట్టకుండా పంపేసే అవకాశముంది. డ్యాష్‌బోర్డు మీద ఏదైనా వార్నింగ్ లైటు వెలుగుతుంటే "అది ఎప్పుడూ అంతే, ఏం కాదు" అన్న మాట అక్కడ చెల్లదు. కాగితాలు, ఇన్సూరెన్స్, లెర్నర్ లైసెన్స్ గడువు, లెర్నర్ బోర్డు సంగతి సరేసరి. కళ్లద్దాలు వాడేవాళ్లు అవి మర్చిపోతే చూపు పరీక్ష దగ్గరే కథ ముగుస్తుంది. ఆటోమేటిక్‌లో ఇవ్వాలా మాన్యువల్‌లో ఇవ్వాలా అని ఊగిసలాడేవాళ్లకి ఒక్క మాట: చాలా దేశాల్లో ఆటోమేటిక్‌లో పాసైతే లైసెన్స్ ఆటోమేటిక్‌కే పరిమితం, అది చూసుకుని దిగండి.

సీట్లో కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిందే. క్లచ్ చివరి దాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, వీపు సీటుకి ఆనుకునే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి అందాలి. పక్క అద్దంలో మీ బండి అంచు సన్నగా కనిపించాలి, మిగతాదంతా రోడ్డే కనిపించాలి. వేరేవాళ్లు నడిపిన తర్వాత అద్దాలు సరిచేసుకోకుండా బయల్దేరితే టెస్ట్ మొత్తం ఆకాశాన్నో మీ సొంత డోర్‌నో చూస్తూ నడపాల్సి వస్తుంది.

అసలు విషయానికొద్దాం. అద్దం ఎప్పుడు చూడాలి? స్పీడు మార్చే ముందు, దిశ మార్చే ముందు, ఇండికేటర్ వేసే ముందు. వరస ఇదే: అద్దం, ఇండికేటర్, ఆ తర్వాతే బండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, ఇండికేటర్ వేసేసి, స్టీరింగ్ సగం తిప్పేసి, అప్పుడు అద్దం వైపు ఓ చూపు విసురుతారు. ఆ తూతూమంత్రం చూపు పక్కన కూర్చున్నవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే చూసిన తర్వాత మీరు చేసే పనిలో ఏ మార్పూ ఉండదు. వెనక బైకు దగ్గరగా వస్తోందని నిజంగా చూసినవాళ్లు బ్రేకు కాస్త ముందు నుంచీ, మెల్లగా తొక్కుతారు. చూసినట్టు నటించినవాళ్లు ఎప్పటిలాగే తొక్కుతారు. తల గట్టిగా ఊపి "చూశాను చూశాను" అని చూపించుకోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. నాకైతే అది సగమే కరెక్ట్ అనిపిస్తుంది. కళ్లు మాత్రమే తిప్పితే ఎగ్జామినర్‌కి కనిపించకపోవచ్చు కాబట్టి తల కొంచెం కదిలించడం మంచిదే, కానీ తలతో పాటు బుద్ధి కూడా అటు వెళ్లాలి కదా.

అద్దాల్లో కనిపించని చోటు ఒకటి ఉంటుంది, బ్లైండ్ స్పాట్. ఆగి ఉన్న చోటు నుంచి బయల్దేరేటప్పుడు భుజం మీదుగా వెనక్కి చూడకుండా కదిలితే చాలా చోట్ల అదే పెద్ద తప్పు కిందికి వస్తుంది. ఇది అలవాటవ్వడానికి ఒక చిట్కా: హ్యాండ్ బ్రేక్ మీద చేయి వేశారంటే మెడ తిరగాల్సిందే అని రూల్ పెట్టుకోండి. హ్యాండ్ బ్రేక్ దించడం, మెడ తిప్పడం రెండూ జంటగా అలవాటైతే టెన్షన్‌లో కూడా శరీరం దానంతట అదే చేసేస్తుంది. లేన్ మారేటప్పుడూ ఇదే, కాకపోతే అక్కడ చూపు క్షణంలో వెళ్లి రావాలి, వెనక్కి తిరిగి అలాగే ఉండిపోతే ముందున్న బండికి గుద్దుకోవడం ఖాయం. 50 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. గేరు రాడ్ వైపు రెండు సెకన్లు చూశారంటే 28 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే, అందుకే గేరు చేతితో తెలియాలి, కంటితో కాదు.

జంక్షన్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. మీరు చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు మీదికి వస్తున్నారు, మూల మీద ఒక వ్యాన్ ఆపి ఉంది. స్టాప్ లైన్ దగ్గర ఆగారు, అటు చూశారు, వ్యాన్ తప్ప ఏమీ కనిపించలేదు, ఇటు చూశారు, ఖాళీ. ఇక్కడే చాలామంది "ఏమీ లేదు" అనుకుని వెళ్లిపోతారు. ఏమీ లేదు అనేది వేరు, ఏమీ కనిపించలేదు అనేది వేరు. లైన్ దగ్గర పూర్తిగా ఆగాక హాఫ్ క్లచ్ మీద జానెడు జానెడు ముందుకు పోతూ, ఒళ్లు కాస్త ముందుకు వంచి, వ్యాన్ అంచు దాటి రోడ్డు కనిపించేదాకా చూస్తూనే ఉండాలి. ఒక్కసారి చూసి ఊరుకుంటే చాలదు, మీరు రెండోవైపు చూసేలోపు మొదటివైపు బైకు వచ్చేసి ఉండొచ్చు. ముందు గ్లాసు పక్కన ఉండే లావాటి పిల్లర్ ఒక బైకునీ సైకిల్‌నీ పూర్తిగా దాచేయగలదు, తల కొంచెం ముందుకీ వెనక్కీ జరిపితేగానీ అవి బయటపడవు. "స్టాప్" అని బోర్డున్న చోట చక్రాలు పూర్తిగా ఆగాలి. పాకుతూ పాకుతూ పోవడాన్ని ఆగడం అనరు, రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా సరే. ఎదురు ట్రాఫిక్‌ని దాటుకుని తిరగాల్సిన చోట మధ్యలో ఆగి ఎదురుచూసేటప్పుడు చక్రాలు తిన్నగానే ఉంచండి, ముందే తిప్పి పెట్టుకుంటే వెనక నుంచి ఎవరైనా చిన్నగా తగిలినా బండి నేరుగా ఎదురొచ్చేవాళ్ల మీదికే పోతుంది.

వెనకాల హారన్లు కొడుతుంటారు. కొట్టనివ్వండి. వాళ్లెవరూ మీకు మార్కులు వేయరు. అలాగని ప్రతి చోటా చేతులు ముడుచుకుని కూర్చోవడం కూడా తప్పే, వెళ్లడానికి బోలెడంత సందు ఉన్నా వెళ్లకపోతే దాన్నీ రాస్తారు. స్పీడు సంగతీ అంతే, లిమిట్ దాటితే తప్పు అని అందరికీ తెలుసు, కారణం లేకుండా మరీ నత్తనడక నడిచినా తప్పని కొందరికే తెలుసు. ముందు బండికి మీకూ మధ్య కనీసం రెండు సెకన్ల గ్యాప్, తడి రోడ్డు మీద దానికి రెట్టింపు. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి, మీరు రెండు లెక్కపెట్టేలోపే ఆ స్తంభం దగ్గరికి చేరితే దగ్గరైపోయినట్టే. స్పీడు రెండింతలైతే బ్రేకు తొక్కాక బండి జారే దూరం నాలుగింతలవుతుంది, ఇది గుర్తుంటే గ్యాప్ తగ్గించబుద్ధి కాదు.

రివర్స్, పార్కింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని గురించి మీరు ఇప్పటికే కావాల్సినంత కంగారు పడి ఉంటారు. మెల్లగా చేయండి, నడిచే మనిషి కంటే మెల్లగా. హాఫ్ క్లచ్ మీద బండిని ఎంత నెమ్మదిగా కదిలిస్తే స్టీరింగ్ తిప్పడానికి అంత టైము దొరుకుతుంది. ఒక్క కెమెరా మీదో ఒక్క అద్దం మీదో ఆధారపడకుండా వెనక గ్లాసులోంచి కూడా చూడండి. బండి ముందుభాగం ఎటు ఊగుతోందో కూడా చూడాలి, అది చాలామంది మర్చిపోతారు. ఎవరైనా నడుచుకుంటూ వస్తే ఆగండి, వాళ్లు వెళ్లాక మళ్లీ చుట్టూ చూసి కదలండి. గీతల మధ్య కుదరలేదనిపిస్తే ముందుకొచ్చి సరిచేసుకోవడానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు, ఎన్నిసార్లు ఒప్పుకుంటారో మీ దగ్గరి రూల్స్‌లో చూసుకోండి. రోడ్డు టెస్టుల్లో వంకరగా పెట్టి సరిచేసుకున్నవాళ్లు బతికిపోతారు, చూడకుండా చక్కగా పెట్టినవాళ్లు దొరికిపోతారు. ట్రాక్ మీద పోల్స్ పెట్టి చేయించేచోట మాత్రం పోల్‌కి తగలకపోవడమే ప్రాణం.

ఎత్తు మీద ఆగి బయల్దేరేటప్పుడు బండి వెనక్కి జారుతుందన్న భయం మాన్యువల్ నడిపే అందరికీ ఉండేదే. హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టవుతుంది, ఇంజిన్ సౌండ్ బరువెక్కుతుంది. అక్కడ కాలు ఆపి, చూసి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కేవలం క్లచ్‌తో బండిని కదిలించి ఆపే ప్రాక్టీస్ ఓ అరగంట చేస్తే ఆ స్థానం కాలికి గుర్తుండిపోతుంది. బండి ఆఫ్ అయిపోతే? అవుతుంది, టెస్ట్ రోజు ఇంకా ఎక్కువ అవుతుంది. బ్రేకు, క్లచ్, న్యూట్రల్, స్టార్ట్, గేరు, చుట్టూ చూపు, బయల్దేరడం. ఆఫ్ అవ్వడం ఒక్కటే మామూలుగా కొంప ముంచదు, కంగారులో చుట్టూ చూడకుండా ఎగిరి దూకడమే ముంచుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ అడిగే చోటైతే, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో బ్రేకు గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పెడల్ కాలి కింద టకటకా వణుకుతుంది, ఆ వణుకు ముందెన్నడూ తెలియనివాళ్లు భయపడి కాలు తీసేస్తారు, అందుకే ఖాళీ చోట ఒకసారి రుచి చూసి పెట్టుకోవాలి. ఆగాక మళ్లీ కదిలే ముందు రెండు వైపులా వెనక్కి చూడటం మర్చిపోవద్దు.

మాక్ టెస్ట్ లేకుండా అసలు టెస్ట్‌కి వెళ్లకండి. నేర్పినవాళ్లతో రోజూ తిరిగేటప్పుడు వాళ్లు తెలియకుండానే సాయం చేస్తుంటారు, "ఆఁ, అద్దం", "కొంచెం మెల్లగా" అని ఓ మాట అంటూనే ఉంటారు. ఆ మాటలు లేకపోతే మీ పరిస్థితేమిటో మీకే తెలియదు. మీకు పెద్దగా పరిచయం లేని, బాగా నడపడం వచ్చిన మనిషినో వేరే ట్రైనర్‌నో పక్కన కూర్చోబెట్టుకోండి. లెర్నర్ పక్కన ఎవరు కూర్చోవచ్చో మీ దగ్గరి రూల్స్ ఒప్పుకోవాలి, అది మాత్రం చూసుకోండి. దారి చెప్పడం తప్ప నోరు విప్పొద్దని, కనిపించిన ప్రతి తప్పునీ కాగితం మీద రాయమని చెప్పండి. పక్కన పెన్ను కదులుతుంటే గుండె ఎలా కొట్టుకుంటుందో అక్కడే అలవాటు చేసుకోవాలి. అసలు టెస్ట్‌లో ఎగ్జామినర్ ఏదో రాశారంటే తప్పే రాశారని రూలేం లేదు, రోడ్డు పేరు రాస్తూ ఉండొచ్చు, ఏదైనా రాయొచ్చు. తప్పు జరిగిందని మీకనిపించినా దాన్ని అక్కడే వదిలేయండి, ఫెయిలయ్యానేమో అని లెక్కలేసుకుంటూ నడిపితే వెనక జరిగిన చిన్న తప్పు కాస్తా ముందున్న సిగ్నల్ దగ్గర పెద్ద తప్పై కూర్చుంటుంది.

ఎగ్జామినర్ చెప్పింది సరిగ్గా వినపడకపోతే మళ్లీ అడగండి, అడిగితే మార్కులు పోవు. ఎడమకి అంటే పొరపాటున కుడి లేన్‌లోకి వచ్చేశారా, అయితే కుడికే వెళ్లండి, పద్ధతిగా, ఇండికేటర్ వేసి. చెప్పిన దారి తప్పడం సాధారణంగా తప్పుకాదు, దారి సరిచేసుకుందామని ఆఖరి క్షణంలో లేన్లు కోసుకుంటూ పోవడమే తప్పు. ఎగ్జామినర్ ముభావంగా ఉంటే మీ మీద కోపమనుకోకండి, మీ ధ్యాస చెదరకూడదనే ఎక్కువ మాట్లాడరు.

ముందురోజు రాత్రి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు, నిద్రపోండి. జలుబు, అలర్జీ మందుల్లో కొన్ని మగతగా చేస్తాయి, టెన్షన్ తగ్గడానికి ఎవరో ఇచ్చిన మాత్ర కూడా అంతే, వాటితో స్టీరింగ్ ముందు కూర్చోవద్దు. చెప్పులు కాకుండా అడుగు పలచగా ఉన్న షూ వేసుకోండి, పెడల్ కాలికి తెలియాలి. టైముకి కొంచెం ముందే చేరుకోండి, కానీ మరీ గంటల ముందు వెళ్లి అక్కడ కూర్చుంటే ఫెయిలై వచ్చినవాళ్ల కథలన్నీ వినాల్సి వస్తుంది. అంతకంటే సెంటర్‌కి వచ్చే ముందు ఓ అరగంట బండి నడిపి ఒళ్లు వేడెక్కించుకోవడం మేలు. ఫోన్ సైలెంట్ కాదు, స్విచాఫ్.

అయిపోయాక ఫలితం ఏదైనా సరే, ఎక్కడెక్కడ మార్కులు పోయాయో అడిగి తెలుసుకోండి, కుదిరితే నేర్పినవాళ్లని కూడా పక్కనుంచుకుని వినండి, ఆ టైములో మన చెవులకి సగమే ఎక్కుతుంది. ఫెయిలైతే ఆ రోజే రాసి పెట్టుకోండి, ఏ జంక్షన్, ఏం చూడలేదు, ఎందుకు చూడలేదు. మళ్లీ టెస్ట్‌కి ఎన్ని రోజులు ఆగాలో చాలా చోట్ల గడువుంటుంది, ఆ లోపు అన్నీ మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆ రెండు మూడు విషయాల మీదే పని చేయండి. పాసైతే సంతోషమే, కానీ ఆ ఊపులో తాళాలు తీసుకుని ఒక్కరే బయల్దేరే ముందు లైసెన్స్ ఆ క్షణం నుంచే చెల్లుతుందా, చేతికొచ్చేదాకా ఆగాలా అన్నది కౌంటర్‌లో అడగండి. బండి ఇన్సూరెన్స్ లెర్నర్ పేరు మీద ఉంటే అది కూడా మార్పించుకున్నాకే రోడ్డెక్కండి.